క్యాజువాలిటీలో కుదిరే చూపు

పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ఏళ్ల తరబడి పనిచేసిన సిస్టర్‌ని ఎవరినైనా అడిగి చూడండి. గుమ్మంలోకి వచ్చిన మనిషి ప్రమాదంలో ఉన్నాడని మీకెలా తెలుస్తుందండీ అంటే, "చూడగానే తెలిసిపోతుంది" అంటారు. ఇంకాస్త వివరంగా చెప్పమంటే నవ్వేస్తారు. ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ జనరల్ వార్డులో ఏడాదో రెండేళ్లో చేసి, వచ్చే నెల నుంచి ఎమర్జెన్సీ డ్యూటీ వేశారని తెలిసిన కుర్ర నర్సుకు అది ధైర్యం ఇవ్వకపోగా భయం పుట్టిస్తుంది. చూడగానే నాకు తెలియకపోతే ఏంటి పరిస్థితి? ఆ చూపు కొందరికే ఉంటుందేమో?

అలాంటి చూపు పుట్టుకతో ఎవరికీ రాదు. అది ఎలా తయారవుతుందో నలభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు పరిశోధిస్తున్నారు. వాళ్లు పరీక్షించిన వృత్తుల్లో నర్సింగ్ ముఖ్యమైనది.

పట్రీషియా బెన్నర్ అమెరికాలో నర్సింగ్ ఆచార్యురాలిగా పనిచేశారు. పైలట్లు, చదరంగం ఆటగాళ్లు నైపుణ్యం ఎలా సంపాదిస్తారో డ్రైఫస్ సోదరులు చేసిన అధ్యయనాన్ని తీసుకుని, నర్సులకు అన్వయించి 1984లో పుస్తకం రాశారు. కొత్తవారి నుంచి నిపుణుల దాకా ఐదు మెట్లు చెప్పారు. మొదటి మెట్టు మీద ఉన్నవారు సూత్రాలను పట్టుకుని నడుస్తారు: బీపీ ఇంతకు తగ్గితే డాక్టర్‌ని పిలవాలి, సెలైన్ ఇన్ని చుక్కలు పోవాలి. ఒకే రకమైన చోట రెండు మూడేళ్లు పనిచేశాక గాని మూడో మెట్టు రాదు. పైమెట్టు చేరినవారికి సూత్రం గుర్తుకు రాకముందే పరిస్థితి అర్థమవుతుంది. బెన్నర్ చెప్పినదాంట్లో మనకు కావలసిన ముక్క ఇంకొకటి ఉంది. ఎంత అనుభవం ఉన్న నర్సైనా తనకు అలవాటు లేని విభాగానికి వెళ్తే మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడవచ్చు. ప్రసూతి వార్డులో తలపండిన సిస్టర్ క్యాజువాలిటీలో మొదటి వారం తడబడితే అది ఆమె చేతకానితనం కాదు, మెదడు పనిచేసే తీరే అంత. డ్యూటీ లిస్టు వేసేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. నర్సంటే ఎక్కడ వేస్తే అక్కడ సరిపోయే స్క్రూ అనుకుంటారు.

ఇంతకీ ఆ నిపుణులు చూసేదేమిటి? దీన్ని నేరుగా తవ్వి తీసినవాళ్లు గ్యారీ క్లైన్ బృందం. అగ్నిమాపక దళాల నాయకులు క్షణాల్లో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశోధించిన మనిషి క్లైన్. ఆయన సహోద్యోగి బెత్ క్రాండల్, మరొకరితో కలిసి, నెలలు నిండని శిశువుల ఐసీయూలో పనిచేసే అనుభవజ్ఞులైన నర్సులను కూర్చోబెట్టి, జరిగిన కేసులను ఒక్కొక్కటిగా తిరిగి చెప్పించారు. ఆ అధ్యయనం 1993లో వెలువడింది. రక్తపరీక్ష ఫలితం రాకముందే బిడ్డకు ఇన్ఫెక్షన్ సోకిందని పసిగట్టిన నర్సులు వాళ్లు. ఎలా అంటే మొదట వాళ్లూ "ఏమో, తెలిసింది" అనే అన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే ఒంటి రంగులో మార్పు, పాలు తాగడంలో మందగింపు, పట్టుకుంటే బిగువు లేని ఒళ్లు, ఇలా ఒక్కొక్క ఆనవాలూ బయటపడింది. అందులో కొన్ని అప్పటి పాఠ్యపుస్తకాల్లో లేనే లేవు. "తెలిసిపోతుంది" అనే మాట వెనక లెక్కపెట్టదగ్గ ఆనవాళ్లున్నాయని, వాటిని బయటకు తీసి ఇంకొకరికి నేర్పవచ్చని అలా రుజువైంది.

కాబట్టి క్యాజువాలిటీకి వెళ్లే నర్సు మొదట నేర్వాల్సినది ఆనవాళ్లు. వాటిలో అన్నింటికన్నా చవకైనదీ, అన్నింటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేదీ శ్వాస లెక్క.

ఏ ఆసుపత్రిలోనైనా కేస్ షీట్లు తిరగేయండి. పేషెంట్లందరూ నిమిషానికి 18 సార్లో 20 సార్లో ఊపిరి తీసినట్టు రాసి ఉంటుంది. లెక్కపెట్టకుండా రాసిన అంకెలవి. బీపీకి యంత్రం ఉంది, నాడికి వేలికి తగిలించే ఆక్సీమీటరు ఉంది, శ్వాసకు మాత్రం ఒక నిమిషం పాటు ఛాతీ వంక చూస్తూ నిలబడాలి. ఆ నిమిషం ఎవరి దగ్గరా ఉండదు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టిన హెచ్చరిక స్కోరులో నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలుంటే సున్నా, 25 లేదా ఆపైన ఉంటే ఏకంగా 3 మార్కులు. ఒక్క అంశానికి అంతకన్నా ఎక్కువ ఆ స్కోరులో లేదు. కారణం శరీరధర్మంలో ఉంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినా, చక్కెర రోగికి కీటోన్లు పెరిగినా, లోపల రక్తం కారుతున్నా రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. మెదడు అడుగుభాగంలో ఉన్న శ్వాసకేంద్రం దాన్ని పసిగట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు తోసెయ్యడానికి ఊపిరి వేగం పెంచుతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు ఆక్సీమీటరు 98 అని చూపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసి అంతా బాగుందనుకున్న నర్సు అరగంట తర్వాత పరుగెత్తాల్సి వస్తుంది.

బీపీ కూడా ఇలాంటి మోసగత్తే. పెద్దమనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. జాతీయ రహదారి మీద బైకు ప్రమాదంలో కాలి ఎముక విరిగి లీటరున్నర దాకా పోయినా పై బీపీ మామూలుగానే ఉండవచ్చు. కృష్ణా డెల్టా రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది: కాలువలో నీరు తక్కువైతే ముందు ఎండేది చివరి భూములు, హెడ్ స్లూయిస్ దగ్గర మట్టం చూస్తే ఏమీ తెలియదు. శరీరమూ చర్మానికి, మూత్రపిండాలకు, పేగులకు రక్తనాళాలు బిగించేసి గుండెకూ మెదడుకూ అందిస్తుంది. అందుకే చల్లబడిన పాదాలు, నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపెక్కని గోరు, తగ్గిన మూత్రం ముందు కబురు చెబుతాయి. ఇంకో చిట్కా కూడా ఉంది. నాడి అంకెను పై బీపీ అంకెతో భాగించండి. ఆరోగ్యవంతుడికి 0.5 నుంచి 0.7 మధ్య వస్తుంది. 1 దగ్గరికి వచ్చిందంటే బీపీ ఎంత ముచ్చటగా కనిపించినా నమ్మకండి. దీన్ని షాక్ ఇండెక్స్ అంటారు, 1967 నుంచీ ఉంది. నాడి 116, బీపీ 110 అన్న పేషెంటును ఏమీ పరవాలేదని బెంచీ మీద కూర్చోబెట్టే పొరపాటును ఈ ఒక్క భాగహారం తప్పిస్తుంది.

ఎవరిని ముందు చూడాలో తేల్చడాన్ని ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో వైద్యుడు డొమినిక్ లారే, గాయపడ్డ సైనికులను హోదాను బట్టి కాకుండా గాయం తీవ్రతను బట్టి చూడాలని పట్టుబట్టడంతో దీని చరిత్ర మొదలవుతుంది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడేది మూడు రంగుల పద్ధతి: ఎరుపు వెంటనే, పసుపు త్వరగా, ఆకుపచ్చ ఆగవచ్చు. రంగులు నేర్వడానికి ఒక పూట చాలు. కష్టమంతా హోదా దగ్గరే. లారే కాలంలో జనరళ్లయితే, ఇక్కడ కార్పొరేటర్ గారి తాలూకు మనుషులు. చెయ్యి విరిగి కేకలు పెడుతున్న కుర్రాడి చుట్టూ పదిమంది ఉంటారు, గోడవార స్ట్రెచర్ మీద మాటా పలుకూ లేకుండా పడుకున్న ముసలమ్మ పక్కన ఎవరూ ఉండరు. కేక పెట్టగలిగినవాడికి శ్వాసమార్గం తెరిచే ఉందని అర్థం. ముందు ముసలమ్మ దగ్గరికి వెళ్లాలి. ఈ మాట పదిమందికీ ఎదురుగా చెప్పి నిలబడటమే ట్రయాజ్ నర్సు అసలు పరీక్ష, ఏ నర్సింగ్ కాలేజీ సిలబస్సూ దీనికి పూర్తిగా తయారు చెయ్యదు.

ఇంతవరకూ చెప్పుకున్నది ఏ ఊరికైనా చెల్లుతుంది. కానీ క్యాజువాలిటీ ఆ ఊరి భూమి, నీరు, ఎండల మీద కూడా ఆధారపడుతుంది. ఎమర్జెన్సీ నర్సింగ్ మీద మన లైబ్రరీల్లో దొరికే పెద్ద పుస్తకాలు ఎక్కువగా అమెరికావి. వాటిలో తుపాకీ గాయాలకు పెద్ద చోటే ఉంటుంది. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, మచిలీపట్నం పెద్దాసుపత్రికో, అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లే నర్సుకు కావలసినది వేరు. వడ్లు, మిర్చి, పత్తి పండే నేల ఇది. అర్ధరాత్రి ఆటోలో వచ్చే కేసుల్లో పురుగుమందు తాగినవారిదే పెద్ద వంతు అనుకుని తయారు కావాలి.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, అసిఫేట్ లాంటివి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు. నరం తన సందేశాన్ని కండరానికో గ్రంథికో అసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో అందిస్తుంది. పని కాగానే ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. ఈ మందులు ఆ ఎంజైమును కట్టిపడేస్తాయి. ఇక సందేశం ఆగదు. కన్నీరు, చొంగ, చెమట కారిపోతాయి, విరేచనాలవుతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, గుండె నెమ్మదిస్తుంది. ఊపిరితిత్తుల్లో స్రావాలు ఊరి, నీళ్లలో పడకుండానే మనిషి మునిగిపోతాడు. చికిత్స పేరు అందరికీ తెలుసు: అట్రోపిన్. ఎంత, ఎంత వేగంగా అన్నదే ప్రశ్న.

బంగ్లాదేశ్‌లో 156 మంది పేషెంట్లతో చేసిన ఒక ప్రయోగం 2012లో వెలువడింది. ఒక బృందానికి పాత పద్ధతిలో విడివిడిగా అట్రోపిన్ ఇచ్చారు. రెండో బృందానికి ఐదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ వెళ్లి, ఊపిరితిత్తులు తేటపడ్డాక సెలైన్‌లో కలిపి నిలకడగా ఎక్కించారు. మొదటి బృందంలో 22.5 శాతం చనిపోతే, రెండో బృందంలో 8 శాతం. కొత్త మందు కాదు, ఖరీదైన యంత్రం కాదు, అదే అట్రోపిన్.

ఆ ఎనిమిది శాతం వెనక ఉన్నవి నర్సు చేతులు. లెక్క వేసుకోండి. మన దగ్గర అట్రోపిన్ ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. 1.8 మిల్లీగ్రాములతో మొదలుపెడితే మూడు ఆంప్యూళ్లు. ఐదు నిమిషాలకు ఆరు, పది నిమిషాలకు పన్నెండు, పదిహేనో నిమిషానికి ఇరవై నాలుగు. అంటే పావుగంటలో 45 ఆంప్యూళ్లు పగలగొట్టి, సిరంజిలోకి లాగి, ఎక్కించి, ప్రతి విడతకూ ముందు స్టెతస్కోపు పెట్టి విని, చంకలో చెయ్యి పెట్టి తడి చూసి, నాడి లెక్కించి రాయాలి. నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంక ఆరాలి, ఛాతీలో గురగుర పోవాలి. కొత్తవాళ్లు కంటిపాప ఒక్కదాన్నే చూసి ఆపేస్తారు లేదా నాడి ఒక్కదాన్నే చూసి ఆగిపోతారు. వినాల్సింది ఊపిరితిత్తులను. అట్రోపిన్ మితిమీరితే దానికీ ఆనవాళ్లున్నాయి: ఒళ్లు కాలిపోతుంది, పేగుల చప్పుడు ఆగిపోతుంది, మనిషి గాలిలో ఏవో ఏరుతూ పలవరిస్తాడు. నైట్ డ్యూటీకి వెళ్లగానే ట్రాలీలో అట్రోపిన్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకునే సిస్టర్‌ని చాదస్తమని ఎవరైనా అంటే, ఈ కూడిక చూపించండి.

నర్సు తన ఒంటి రక్షణా మరిచిపోకూడదు. మందుతో తడిసిన బట్టలు విప్పించి సంచిలో కట్టేయాలి, సబ్బునీళ్లతో ఒళ్లు కడగాలి, చేతికి నైట్రైల్ తొడుగులుంటే మేలు.

గండం గడిచిందనుకున్నాక ఇంకో ప్రమాదం కాచుకుని ఉంటుంది. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ, శ్వాస కండరాలు చచ్చుబడతాయి. శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెద్దె 1987లో దీన్ని వర్ణించి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దీన్ని పట్టుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. "దిండు మీద నుంచి తల ఎత్తండి బాబాయ్" అని గంటకోసారి అడగాలి. నిన్న ఎత్తిన తల ఇవాళ ఎత్తలేకపోతే వెంటిలేటరు సిద్ధం చెయ్యమని అర్థం.

ఆ మంచం దగ్గర మాట కూడా వైద్యమే. "ఎందుకు తాగావు, నీకు బుద్ధి లేదా" అన్న అరుపు క్యాజువాలిటీల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. ఆ మనిషికి కావలసింది తీర్పు కాదు. ఇంటికి పంపేటప్పుడు టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసి ఇవ్వడం నర్సు చేయగల పనే.

ఇక పాములు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58,000 మంది అని, 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018 వానాకాలంలో దివిసీమలో కాట్లు ఒక్కసారిగా పెరిగి అవనిగడ్డ ఆసుపత్రి పేరు వార్తలకెక్కింది. మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా చేశారు. యాగం సంగతి అలా ఉంచితే, ప్రాణాలు నిలబెట్టేవి మూడు: విషవిరుగుడు మందు, చేత్తో ఊపిరి పోసే అంబు బ్యాగ్, గాజు టెస్ట్ ట్యూబ్.

టెస్ట్ ట్యూబ్ ఎందుకంటే, రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే పదార్థాలను వరసగా ఖర్చు చేయించేస్తుంది. అది జరిగిందో లేదో తెలుసుకోవడానికి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్త, పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి ఒంచి చూస్తారు. గడ్డకట్టక జారితే విరుగుడు ఇవ్వాలి. ఇంత సులువైన పరీక్ష ఎక్కడ పాడవుతుందంటే, ట్యూబు దగ్గర. గాజు ఉపరితలం తగిలితేనే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది కాబట్టి ప్లాస్టిక్ పనికిరాదు. సబ్బుతో కడిగిన గాజు కూడా పనికిరాదు. పది నిమిషాలకే ఎత్తి చూసినా, పక్కవాడు కదిపినా ఫలితం చెడుతుంది. విరుగుడు మొదటి విడత సాధారణంగా 10 వయల్స్, చిన్నపిల్లలకూ అంతే. ఒంటి బరువును బట్టి తగ్గించరు, ఎందుకంటే పాము పిల్లవాడిని చూసి విషం తగ్గించి కరవదు. ఎలర్జీ వస్తే తొడ కండరంలోకి ఇవ్వడానికి అడ్రినలిన్ ముందే సిరంజిలోకి లాగి పెట్టుకోవాలి. మళ్లీ పరీక్ష ఆరు గంటల తర్వాత. కాలేయానికి గడ్డకట్టే పదార్థాలను తిరిగి తయారు చేయడానికి అంత సమయం పడుతుంది.

కట్లపాము కథ వేరు. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, కాటు గుర్తు కనిపించకపోవచ్చు కూడా. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ పిల్లను తీసుకొస్తారు. గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపేస్తే, ఇంటికి చేరేలోపు రెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి. "రాత్రి ఎక్కడ పడుకుందమ్మా?" అన్న ప్రశ్న, "నా వేలు వంక చూడు తల్లీ" అని రెప్పలు గమనించడం, ఈ రెండూ డెల్టా నర్సుకు అలవాటు కావాలి. తాచు కాటుకు నియోస్టిగ్మిన్ పనిచేసినట్టు దీనికి పనిచెయ్యదు. తాచు విషం నరం పంపే సందేశాన్ని అందుకునే చోట అడ్డుపడుతుంది, కట్లపాము విషం సందేశం పంపే నరం కొసనే పాడుచేస్తుంది. కొస మళ్లీ మొలిచేదాకా రోజుల తరబడి ఊపిరి పోస్తూ కూర్చోవాలి. అలా కూర్చుంటే మనిషి లేచి నడిచి వెళ్తాడు.

మిగిలినవి త్వరగా చెబుతాను. మే నెల ఎండకు పడిపోయినవారికి పారాసెటమాల్ ఎక్కించడం వృథా. జ్వరంలో మెదడే వేడి అమరికను పైకి జరుపుకుంటుంది, వడదెబ్బలో ఆ అమరిక మామూలుగానే ఉండి ఒళ్లు మాత్రం కాగిపోతుంది. నీళ్లు, ఐసు, ఫ్యానే మందు. 2015 మే వడగాలులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోతే వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. నీళ్లలో మునిగినవారి కడుపు నొక్కి కక్కించకూడదు, ముందు ఊపిరి ఊదాలి. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయిన ఊరికి ఇది గుర్తుచేయనక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు అర్థమైంది మరొకటి: వరదంటే మునిగినవాళ్లే కాదు, డయాలసిస్ తప్పినవాళ్లు, ఇన్సులిన్ దొరకనివాళ్లు, నీళ్లలో కరెంటు తగిలినవాళ్లు. పోలీసు కేసు అవుతుందేమోనన్న జంకు కూడా అక్కర్లేదు. ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలని సుప్రీంకోర్టు 1989లో పర్మానంద్ కటారా కేసులో తేల్చింది.

తెలిసినదంతా ఆ క్షణంలో చేతికి అందాలి కదా. మనిషి మెదడు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేది నాలుగు సంగతుల దాకానే అని నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. క్యాజువాలిటీలో ఐదోది ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. సిడ్నీలో రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులను గమనించి జొహానా వెస్ట్‌బ్రుక్ బృందం 2010లో ప్రచురించిన ఫలితం ఇది: మందు ఇచ్చే పనిలో ఉండగా ఒక్కసారి అంతరాయం కలిగితే వైద్యపరమైన పొరపాట్లు 12.7 శాతం పెరిగాయి. రెండోసారి, మూడోసారి ఇంకా పెరిగాయి. సిడ్నీలో పేషెంటు వెంట ఒక్కరుంటారు. మన దగ్గర మంచానికి ఆరుగురు, ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న. అందుకే పాత సిస్టర్లు డాక్టర్ నోటిమాటగా చెప్పిన మందును బిగ్గరగా తిరిగి చెబుతారు: "అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము, ఐవీ, ఇస్తున్నా." ఇచ్చాక "ఇచ్చేశా" అని మళ్లీ చెబుతారు. విమానయానం నుంచి వైద్యంలోకి వచ్చిన అలవాటిది. కొత్త నర్సుకు మొదట్లో సిగ్గనిపిస్తుంది. సిగ్గుపడకూడదు. డ్యూటీ మొదలయ్యే ముందు సక్షన్ పనిచేస్తోందా, ఆక్సిజన్ సిలిండర్‌లో ఎంత ఉంది, లారింజోస్కోపు బల్బు వెలుగుతోందా అని చేత్తో తాకి చూసుకోవడం కూడా మెదడు మీద బరువు తగ్గించే పనే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇవన్నీ నేర్చుకుంటే ఆ చూపు వచ్చేస్తుందా? ఇక్కడ సైన్సు కాస్త నిరాశ కలిగించే మాట ఒకటి చెబుతుంది. అంతర్‌దృష్టిని గొప్పగా చూసే గ్యారీ క్లైన్, దాన్ని అనుమానంగా చూసే నోబెల్ గ్రహీత డానియెల్ కానెమన్ 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. ఎక్కడ ఎవరి చూపును నమ్మవచ్చో తేల్చడానికి కూర్చుని, చివరికి రెండు షరతుల దగ్గర ఏకీభవించారు. ఒకటి, ఆ రంగంలో ఆనవాళ్లకూ ఫలితాలకూ నిలకడైన సంబంధం ఉండాలి. రెండు, తన అంచనా నిజమైందో కాదో మనిషికి తిరిగి తెలుస్తూ ఉండాలి. మొదటి షరతు క్యాజువాలిటీలో ఉంది, ఇంతసేపూ చెప్పుకున్నది అదే. రెండోది లేదు. పేషెంటు గంటలోనో నాలుగు గంటల్లోనో ఐసీయూకో, ఆపరేషన్ థియేటరుకో, గుంటూరుకో, మార్చురీకో వెళ్లిపోతాడు. నర్సు పసుపు అనుకున్నవాడు రాత్రికి వెంటిలేటరు మీదకు వెళ్లాడో, మర్నాడు ఇంటికి వెళ్లాడో ఆమెకు ఎవరూ చెప్పరు. అలా పదేళ్లు పనిచేస్తే ఆత్మవిశ్వాసం తప్పకుండా పెరుగుతుంది, చూపు మాత్రం పెరగాలని లేదు. రెంటికీ తేడా బయటివాళ్లకు తెలియదు, ఒక్కోసారి ఆమెకూ తెలియదు.

దీన్ని సరిచేసుకోవడానికి కొత్త నర్సు చేతిలో ఉన్న పని ఒకటుంది. చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, పేరు రాయకుండా, మంచం నంబరు, తన అంచనా, ఎందుకలా అనుకుందో ఒక్క వాక్యం. రెండు రోజుల తర్వాత వార్డుకు వెళ్లి ఆ మంచం సంగతి కనుక్కుని పక్కన రాయడం. అంచనా తప్పినవే ఎక్కువ నేర్పుతాయి. ఆసుపత్రులు తలచుకుంటే దీన్ని వారానికో అరగంట సమావేశంగా చెయ్యవచ్చు. డాక్టర్లకు కేస్ కాన్ఫరెన్సులుంటాయి, ఆ పేషెంటును మొదట చూసిన నర్సును అందులోకి పిలిచే చోట్లు తక్కువ. ఈ ఒక్కదానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక కుర్చీ చాలు.

పాఠకులతోనూ ఒక మాట. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ, 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో బారులు తీరిన 108 బండ్లు మనల్ని క్యాజువాలిటీ గుమ్మం దాకా చేర్చడం నేర్చుకున్నాయి. లోపల మీరు చేయగలిగేది పురుగుమందు డబ్బా, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, కాటు వేసిన సమయం చెప్పగల మనిషి ఒక్కరిని తేవడం, మిగిలినవాళ్లు బయట ఉండటం. ఇంకొకటి చాలామందికి తట్టదు. కోలుకుని డిశ్చార్జి అయిన రోజున, బిల్లు కౌంటరు నుంచి సరాసరి గేటుకు పోకండి. ఒక్క నిమిషం క్యాజువాలిటీలోకి వెళ్లి, ఆ రాత్రి మిమ్మల్ని చూసిన సిస్టర్ ఉంటే మీ డిశ్చార్జి కాగితం చూపించండి. స్వీట్ ప్యాకెట్ అక్కర్లేదు. లోపల ఏం తేలిందో ఆమె చదువుకోనివ్వండి.